శిలా సమితిలో సభ్యత్వం

రాతియుగం ఎప్పుడో గడిచిపోయిందని చరిత్ర రాసినవాళ్ళు తేల్చేశారు. వాళ్ళలో ఒక్కరూ మా భవనానికి వచ్చి చూడలేదు. వచ్చి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవాళ్ళు! మా భవనంలో కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా రాతియుగం నిక్షేపంగా నడుస్తోంది. నడవడమేమిటి, దానికో సమితి ఉంది, సమితికో అధ్యక్షుడున్నాడు, ఆదివారం ఆదివారం డాబా మీద సమావేశాలున్నాయి!

ఆ రాయి పేరు పిజ్జా రాయి. గుండ్రంగానో చదరంగానో ఉండే ఒక మందపాటి పలక. దాన్ని ఓవెన్‌లో పెట్టి బాగా కాగనిచ్చి, దాని మీద పిజ్జా వేస్తే అడుగు కరకరలాడుతుందట. రాయి లేకుండా ఉత్త రేకు మీద కాల్చినవాణ్ణి మా భవనంలో మనిషిగా లెక్క వెయ్యరు. ఇక కొట్లో కొనుక్కు తినేవాడి సంగతి సరేసరి. వాడితో లిఫ్టులో కలిసి ఎక్కరు కూడా.

మేం ఈ భవనంలోకి కొత్తగా వచ్చాం. నేను మా ఆఫీసులో కొనుగోళ్ళ విభాగానికి పెద్దని. గుండుసూది నుంచి జనరేటరు దాకా నా సంతకం లేనిదే ఒక్క వస్తువు లోపలికి అడుగు పెట్టదు. నా సంతకం పడ్డాక కూడా కొన్ని పెట్టవు, అది వేరే సంగతి.

నా సంగతి అలా ఉంచండి. చిక్కంతా మా ఆవిడతో వచ్చింది. ఆవిడ మాట్లాడకపోతే ఊపిరాడని మనిషి. పాత ఇంట్లో ఉండగా వంటింటి కిటికీలోంచి పక్కింటావిడతో మొదలుపెట్టిన కబురు, బట్టలారేసే చోట ఇంకొకావిడతో పూర్తి చేసేది. ఇక్కడ మా తలుపు తీస్తే ఎదురుగా ఇంకో తలుపు. మూసుకుని ఉండడం తప్ప ఆ తలుపుకి వేరే పని తెలియదు. లిఫ్టులో నలుగురు ఎక్కితే నలుగురూ పైన మారే అంకెల్నే చూస్తారు, ఏదో పరీక్షా ఫలితాలు వస్తున్నట్టు.

ఒకనాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో ఒక్కతే మాట్లాడుతోంది.

“ఎవరితోనోయ్?” అన్నాను.

“ఫ్రిజ్‌తోనండీ. పొద్దుట్నుంచీ నేను పలకరిస్తే గుర్రుమన్నదైనా ఇదొక్కటే.”

నేను పకపకా నవ్వాను. తీరా చూస్తే ఆవిడ నవ్వడంలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు చాలా బాధేసింది. గోడలు బాగున్నాయనీ, పంపులో నీళ్ళు బాగా వస్తాయనీ చూసి ఇల్లు మార్పించింది నేనే కదా!

మర్నాడు లిఫ్టులో మా ఎదురింటావిడ, ఎంత పుణ్యం చేసుకున్నామో, అంకెల మీంచి చూపు దించి మా ఆవిణ్ణి పలకరించింది.

“మీది ఏ రాయండీ?”

“రాయా? ఏం రాయండీ?” అంది మా ఆవిడ.

ఎదురింటావిడ చూపు మళ్ళీ అంకెల మీదికి వెళ్ళిపోయింది. దిగిపోయేముందు జాలిపడి, “రాయి ఒకటి అమర్చుకోండి. తర్వాత సమితిలో చేరుదురుగాని. ఇక్కడ అందరం అందులోనే కలుస్తాం” అని చెప్పి తలుపేసుకుంది.

మా ఆవిడ ఆ సాయంత్రం నా ముందు కూర్చుంది. “ఏమండీ, రాయో రప్పో నాకు తెలీదు. అది ఉంటే ఆదివారం ఆదివారం నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడొచ్చట. నాకో రాయి కొనిపెట్టండి.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. అదీ రాయి! కొనుగోళ్ళ విభాగానికి పెద్దనై ఉండి ఆమాత్రం చెయ్యలేనా? “చూస్తూ ఉండు, ఈ భవనంలో ఇంత మంచి రాయి ఇంకొకరికి ఉండదు” అని బల్ల గుద్ది చెప్పాను. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు ఒలికింది.

మా శాఖలో ఏది కొనాలన్నా ముందు నిపుణుల అభిప్రాయం తీసుకోవాలి. అందుకని సమితి అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళాను. ఆయన పెద్ద ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. విశ్రాంతి ఆయనకే గాని ఆయన గొంతుకి లేదు. హాల్లోకి అడుగుపెట్టగానే గోడవార ఒక నల్లటి స్టాండు, దాని మీద రాయి, రాయి మీద పడేలా ప్రత్యేకంగా ఒక దీపం.

“చూశారా! వేడిని పీల్చుకుని గుండెల్లో దాచుకునే జాతి ఇది. సన్నరాళ్ళు కొనకండి, పరువు తక్కువ. రాయి ఎన్నుకోవడంలోనే మనిషి సంస్కారం తెలిసిపోతుందండీ!”

“వారానికి ఎన్నిసార్లు వాడతారండీ?”

“రాయిని వాడతామనకూడదు. రాయితో జీవిస్తాం” అన్నారు అధ్యక్షులవారు. ఆయన భార్య ఆ సమయానికి దీపం మీద దుమ్ము దులుపుతోంది.

అక్కణ్ణించి మా ఎదురింటికి. ఎదురింటావిడ భర్త పళ్ళ డాక్టరు. ఆయన రాయి నిండా గోధుమరంగు మచ్చలు.

“మచ్చలుండాలండీ! మచ్చల్లేని రాయి ఎందుకు? ఎంత వాడితే అంత మచ్చ. కొత్తరాయి తెల్లగా తళతళలాడుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? వీళ్ళు నిన్నగాక మొన్న మొదలుపెట్టారనుకోరూ!”

మచ్చల్ని దగ్గరగా చూద్దామని వంగాను. “కాఫీ వాసనేస్తోందేమిటండీ?”

డాక్టరుగారు ఒక్క క్షణం నీళ్ళు నమిలి, “అవును. మొన్న కాఫీ పిజ్జా చేశాం” అన్నారు.

పై అంతస్తులో లెక్కల మేష్టారున్నారు. ఆయన రాయి పేరెత్తితేనే మండిపడ్డారు. “రాయి ఏమిటండీ, అనాగరికంగా! ఇనప పలక వాడాలి. వేడి ఎంత తొందరగా ఎక్కుతుందో లెక్క కట్టి చూపించమంటారా?” అని నిజంగానే లెక్క కట్టి చూపించారు. సమితిలో ఆయనది ఇనప వర్గం. ఆ వర్గంలో ఆయనొక్కరే ఉన్నారు. రాయా ఇనుమా అన్న విషయం మీద అధ్యక్షులవారికీ ఆయనకీ మాటల్లేవట. ఆ ఇనప పలకనీ బయటికి తీసి చూపించారు. దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా బిగుతుగా ఉంది.

“కవరుతోనే కాలుస్తారాండీ?”

“దుమ్ము పడకుండా మళ్ళీ తొడుగుతాం” అన్నారు మేష్టారు. లెక్కల మేష్టారు కదా, జవాబు ఠక్కున వచ్చింది.

ఇలా నిపుణుల అభిప్రాయాలన్నీ ఒకదానికొకటి పూర్తి విరుద్ధంగా రావడంతో నా మనసు కుదుటపడింది. మా ఆఫీసులోనూ ఇంతే! ఇక పద్ధతి ప్రకారం దిగాను. రాయి మందం ఎంత ఉండాలి, బరువెంత, ఎంత వేడికి పగలకూడదు, ఏ రంగు, ఏ నునుపు, అన్నీ రాసి మూడు కొట్ల నుంచి కొటేషన్లు తెప్పించాను. మట్టి రాయి, పింగాణీ రాయి, గ్రానైటు రాయి. పక్కపక్కన పెట్టి పట్టిక వేశాను. ఆఫీసులో ఇద్దరు సహోద్యోగులు దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒకాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఇంత నిర్దుష్టమైన పట్టిక తన సర్వీసులో చూడలేదట!

చివరికి వంటసామాన్ల కొట్లో సేల్స్‌మన్ ఒక చిన్న సందేహం వెలిబుచ్చాడు. “సార్, మీ ఓవెన్ సైజెంత?”

“అడ్డదిడ్డం ప్రశ్నలు వెయ్యకు. నేను ఇచ్చిన వివరాల్లో అది ఉందా?”

“లేదండి.”

“లేనిదాని గురించి నీకెందుకు?” అని, ఉన్నవాటిలోకల్లా పెద్దరాయిని ఎంచి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దిగేసరికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి.

మా ఆవిడ మురిసిపోయింది. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. అటు చూసింది, ఇటు చూసింది, వంటిల్లంతా ఒకసారి కలియజూసింది.

“బాగుందండీ. మరి ఓవెనేదీ?”

నేనూ వంటిల్లంతా ఒకసారి కలియజూశాను. మాకు ఓవెన్ లేదు! ఎప్పుడూ లేదు!

కానీ ఎన్నో కొనుగోళ్ళలో ఆరితేరినవాణ్ణి, జంకుతానా? మా ఆఫీసులో ముందు లిఫ్టు కొని, దానికి తగ్గట్టు తర్వాత భవనం కట్టిన ఆనవాయితీ ఉంది. మర్నాడే రాయి చంకన పెట్టుకుని ఓవెన్ల కొట్టుకి వెళ్ళాను. వరసగా ప్రతి ఓవెన్ తలుపూ తీయించడం, రాయి దూరుతుందో లేదో చూడ్డం. కొట్టాయన నావంక గుడ్లప్పగించి చూశాడు. “ఓవెన్‌కి రాయి కొనేవాళ్ళని చూశాను గాని, రాయికి ఓవెన్ కొనేవాళ్ళని ఇదే చూడటం సార్!” అన్నాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను. చివరికి ఒక్క ఓవెన్‌లో పట్టింది. ఆ ఓవెన్ మా వంటింట్లో పట్టలేదు. దాంతో ఫ్రిజ్‌ని హాల్లోకి తరిమేశాం. హాల్లో సోఫా ఉన్నచోట అది నిలబడింది. వచ్చినవాళ్ళు కూర్చోడానికి చోటు లేకుండా పోయింది. అయినా వచ్చేవాళ్ళెవరు?

ఇక మా ఆవిడ నడుం బిగించింది. మొదటి పిజ్జా రాయికి అతుక్కుపోయింది, దాన్ని గరిటెతో గీకి తీసి తిన్నాం. రెండోది మాడింది. మూడోది మధ్యలో పచ్చిగానూ అంచుల్లో బొగ్గుగానూ వచ్చింది. రోజూ సాయంత్రం నాకు అదే భోజనం. నోరెత్తితే “మీరే కదా ఈ భవనంలో ఇంత మంచి రాయి ఇంకొకరికి ఉండదన్నారు!” అనేది. రాను రాను చెయ్యి తిరిగింది. పిండి ముందు రోజే కలిపి ఉంచడం, రాయి బాగా కాగేదాకా ఓపిక పట్టడం, ఒక్క విసురులో పిజ్జాని రాయి మీదికి జార్చడం, అన్నీ పట్టుబడ్డాయి. ఒకరోజు అడుగు కరకరమంది! ఆ చప్పుడు విని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. కొత్తింట్లోకి వచ్చాక ఆవిడ మనసారా నవ్వడం అదే మొదలు.

ఆ సంగతి ఎలాగో పాకింది. ఎదురింటావిడ లిఫ్టులో “ఏం వదినగారూ, రాయి అమరిందట గదా!” అని వరస కలిపి మరీ పలకరించింది. మా ఆవిడ ఆ ఒక్క మాటా నాకు ఏడుసార్లు చెప్పింది. వచ్చే ఆదివారం సభ్యత్వ పరీక్ష. కొత్తగా చేరేవాళ్ళు తమ ఇంట్లో, తమ రాయి మీద, తమ చేత్తో కాల్చిన పిజ్జాని డాబా మీదికి తేవాలి. పాత సభ్యులూ తలా ఒకటి తెస్తారు. రుచి చూసి సమితి నిర్ణయిస్తుంది. “బయటి తిండి ముట్టం, రాయి మాట దాటం” అన్నది సమితి నినాదం.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది!

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలిందట. సాయంత్రం దాకా రాదన్నారు. మా వీధిలో ఇళ్ళన్నిట్లోనూ ఫ్యాన్లు ఆగాయి, లిఫ్టు ఆగింది, పంపు ఆగింది. మా ఓవెన్ గురించి చెప్పేదేముంది? బల్ల మీద పిండి పొంగి సిద్ధంగా ఉంది. మా ఆవిడ దాని ముందు నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటోంది.

“సమావేశం వాయిదా వేస్తారేమో కనుక్కోండి” అంది.

కనుక్కున్నాను. వాయిదా లేదట. అధ్యక్షులవారు మెట్ల మీద నిలబడి, “సమితి దేనికీ ఆగదు!” అని ప్రకటించారు.

మా ఆవిడ మొహం చూడలేకపోయాను. ఇంట్లోంచి ఒక ప్లేటు తీసుకుని, దాని మీద బట్ట కప్పుకుని, వెనక మెట్ల మీంచి చప్పుడు కాకుండా దిగాను. వీధి మలుపులో ఒక పిజ్జా కొట్టుంది. ఓవెన్ కట్టెలతో మండేది, దానికి కరెంటుతో పనిలేదు. అక్కడ కొనడం సమితి దృష్టిలో ఎంత నేరమో నాకు తెలియకపోలేదు. ఎవరి కంటా పడకూడదని సందులోంచి కొట్టు వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను.

అక్కడ ఒక వరస నిలబడి ఉంది. ప్రతివాడి చేతిలోనూ ఒక ప్లేటు. ప్రతి ప్లేటు మీదా ఒక బట్ట!

అందరికన్నా ముందు అధ్యక్షులవారు. నన్ను చూసి గొంతు సవరించుకున్నారు. “వీధి పరిశుభ్రత ఎలా ఉందో తనిఖీ చేద్దామని వచ్చాను.”

“ప్లేటు తెచ్చుకున్నారేమిటండీ?”

“తనిఖీకి.”

వెనక పళ్ళ డాక్టరు. “ఈ కొట్టాయన దవడ పన్ను చూడమన్నాడండీ” అన్నారు. లెక్కల మేష్టారు మాత్రం గోడవైపు తిరిగి, గోడ మీద అతికించిన చిరిగిన కాగితాన్ని తదేకంగా చదువుతున్నారు. దాని మీద అక్షరాలేం మిగల్లేదు.

ఇంతలో కొట్టాయన తల బయటికి పెట్టి కేకేశాడు. “సమితివాళ్ళు ఇటు, మామూలువాళ్ళు ముందు గుమ్మంవైపు!” నన్ను చూసి ఎగాదిగా కొలిచి, “కొత్త మెంబరా సార్? మీకు ఎంత వంకర కావాలి?” అన్నాడు.

“వంకరేమిటి?”

“మరీ గుండ్రంగా ఉంటే కొట్లోదని తెలిసిపోదూ? అధ్యక్షులుగారికి ఎడంవైపు వంకర. డాక్టరుగారికి అంచు కాస్త మాడాలి. మేష్టారికి ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. ఏ ఇంటికి ఏ వంకరో మాకు నోటికొచ్చు సార్. వంకరకి ఛార్జీ మటుకు వేరే.”

నేను మధ్యరకం వంకర తీసుకున్నాను. అక్కడ ఎవరూ ఎవర్నీ చూడలేదు. అలా అని ఒట్టు వేసుకోలేదు గాని, వేసుకున్నంత పనయింది.

ఇంటికొచ్చి బట్ట తీశాను. మా ఆవిడ పిజ్జావంకా నావంకా మార్చి మార్చి చూసింది.

“ఎవరు చేశారండీ ఇది?”

“ఎవరు చేస్తేనేం? వేడిగా ఉంది. వంకరగా కూడా ఉంది. పైకి పద!”

“నేను చేసింది చూస్తామని కదా పిలిచారు? ఎవరో చేసింది పట్టుకెళ్ళి నాదేనని చెబితే, రేపట్నుంచి వాళ్ళు మాట్లాడేది ఎవరితోనండీ? నాతోనా, ఆ కొట్టాయనతోనా?”

ఆవిడ పచ్చిపిండినే గుండ్రంగా సాగదీసి, పైన వెయ్యాల్సినవన్నీ వేసి, చల్లటి రాయి మీద పెట్టుకుని, రాయితో సహా మెట్లెక్కి వెళ్ళింది. లిఫ్టు లేదు, రాయి చూస్తే భవనంలోకెల్లా పెద్దది! నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. నా ప్లేటులోది ఏం చెయ్యాలో తోచక మెట్ల మీద కూర్చుని సాక్ష్యం లేకుండా తినేశాను. బాగుంది. ఆ మాట ఆవిడతో ఇప్పటిదాకా అనలేదు.

డాబా మీద పొడుగాటి బల్ల. బల్ల నిండా పిజ్జాలు, ప్రతిదాని మీంచీ పొగలు. ఎవరి వంకర వాళ్ళది. అందరూ ఒకరిది ఒకరు రుచి చూసి తలలూపుతున్నారు. “మీ రాయి తడాఖా కనిపిస్తోందండీ!” “అబ్బే, మీ రాయి ముందు మాదెంత!” మా ఆవిడ తెచ్చింది బల్ల చివర పెట్టింది. అధ్యక్షులవారు చాకుతో పొడిచి చూశారు. చాకు పిండిలో దిగబడింది.

“పచ్చి!” అన్నారాయన, శవాన్ని చూసిన డాక్టరులా.

“అవునండీ, పచ్చిదే. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు కదా” అంది మా ఆవిడ. అంటూనే బల్ల మీద పొగలు కక్కుతున్న పిజ్జాలన్నిటినీ వరసగా చూసింది. ఆవిడ మనసులో కల్మషం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. “అందరి ఓవెన్లూ కరెంటువే కదా వదినగారూ. మరి మీవన్నీ ఎలా కాలాయి?”

కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టడం డాబా మీదికి స్పష్టంగా వినిపించింది.

అధ్యక్షులవారు ముందుగా తేరుకున్నారు. ఎంతైనా అధ్యక్షులు! “అక్కడే ఉందమ్మా కిటుకు. మంచి రాయి ఒకసారి వేడెక్కిందంటే ఓ పట్టాన చల్లారదు. మా రాయి నిన్న వేడి చేసింది. ఆ వేడే ఇవాళ్టికీ పనిచేసింది.”

“మాది మొన్న వేడి చేసింది” అంది ఎదురింటావిడ.

“మాది పోయిన ఆదివారందండీ! ఇంకా ముట్టుకుంటే చురుక్కుమంటోంది” అన్నారెవరో.

“ఇనప పలకైతే నెలాఖరు దాకా ఢోకా లేదు” అన్నారు లెక్కల మేష్టారు. ఆ ఒక్క విషయంలో ఇనప వర్గమూ రాతి వర్గమూ మొదటిసారి ఏకమయ్యాయి. అధ్యక్షులవారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు!

తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు. లోపం మనిషిది కాదట, రాయిదట. నాసిరకం రాయి ఎన్నుకున్నందువల్ల వేడి నిలవలేదట. కనక సభ్యత్వం ఇవ్వడానికి వీల్లేదట. రాయి ఎన్నుకున్నది నేనే కాబట్టి అందరూ నావైపు జాలిగా చూశారు. మూడు కొటేషన్లు తీసుకుని పట్టిక వేసిన రాయి! నా రక్తం ఉడికిపోయింది. నోరు తెరిచాను. పళ్ళ డాక్టరు నా మూతివంక చూస్తూ తన మూతి తుడుచుకున్నారు. తడుముకుంటే నా మూతికి టమాటా గుజ్జు తగిలింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నేను మొగుణ్ణేనా అనిపించింది.

మా ఆవిడ రాయి ఎత్తుకుని దిగి వచ్చేసింది. వంటింట్లో బల్ల మీద పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చుంది. “ఇంక లిఫ్టులో కూడా పలకరించరు కదండీ” అంది మెల్లిగా. నేను హాల్లోకి వెళ్ళి ఫ్రిజ్ పక్కన నిలబడ్డాను.

సాయంత్రం కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది. వంటింట్లో ఓవెన్ మీట నొక్కిన చప్పుడైంది.

“ఇంకా ఎందుకోయ్?” అన్నాను గుమ్మంలోంచి.

“పిండి పారేస్తామా? ఇంతదాకా చేశాక, కాల్చకుండా ఎందుకొదలాలి!”

ఆ పచ్చిదాన్ని పక్కకి తీసి, రాయిని ఓవెన్‌లో పెట్టి కాగనిచ్చింది. బాగా కాగాక ఒక్క విసురులో జార్చింది. కాసేపటికి వాసన మొదలైంది. పిండి కాలే వాసన, చీజ్ కరిగే వాసన. వంటిల్లు నిండి, హాలు నిండి, తలుపు కిందినుంచి మెట్ల మీదికి పాకింది.

తలుపు దబదబా బాదారు. తీసి చూస్తే అధ్యక్షులవారు! చేతిలో మంటలార్పే ఎర్ర సిలిండరు. వెనకాల ఆయన భార్య, పళ్ళ డాక్టరు, ఎదురింటావిడ, లెక్కల మేష్టారు, ఇంకా మెట్ల పొడుగునా సగం భవనం.

“ఏదో కాలుతోంది! మీ ఇంట్లోంచే! అందరూ కిందికి దిగండి!” అని అరిచారు అధ్యక్షులవారు.

“పిజ్జా అండీ” అంది మా ఆవిడ.

“పిజ్జా అయితే మాకు తెలియదూ? ఇది వేరే ఏదో వాసన!” అంటూ సిలిండరు చంకలో పెట్టుకుని వంటింట్లోకి దూసుకుపోయారు. వెళ్ళినవారు ఓవెన్ ముందు ఆగిపోయారు. అద్దంలోంచి లోపల పిజ్జా పొంగుతోంది, బుడగలు లేస్తున్నాయి, అంచులు రంగు తిరుగుతున్నాయి. ఆయన మెల్లిగా ముందుకు వంగారు.

“లోపల దీపం కూడా వెలుగుతుందా?” అన్నారు.

మా ఆవిడ పిజ్జా బయటికి తీసి కోసింది. అడుగు కరకరమంది. ఎవరూ అడగలేదు, ఆవిడా తినమనలేదు, కానీ ముక్కలు వాటంతటవే అందరి చేతుల్లోకీ వెళ్ళాయి. అందరి నోళ్ళలోనూ కరకర. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎదురింటావిడ మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, “రాయి ముందు పెట్టాలా వదినగారూ, పిజ్జాతో కలిపి పెట్టాలా?” అని చెవిలో అడిగింది. అధ్యక్షులవారి భార్య రాయి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, “అమ్మో, నిజంగానే వేడిగా ఉందే!” అని చెయ్యి లాక్కుంది. లెక్కల మేష్టారు రెండో ముక్క అందుకుంటూ ఇనప పలకకి ఎంతసేపు పడుతుందో అడిగారు. మా ఆవిడ అందరికీ ఒకేసారి జవాబులు చెబుతోంది. మిగిలిన పిండి సాగదీస్తూ చెబుతోంది, చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆవిడ గొంతు అంత గలగలా వినిపించి ఎన్నాళ్ళయిందో! నాకు ఒక్క ముక్క కూడా మిగల్లేదు. మిగలకపోయినా సంతోషంగానే ఉంది.

రెండో పిజ్జా కూడా అయిపోయాక అధ్యక్షులవారు చేతులు కడుక్కుని గంభీరంగా నిలబడ్డారు.

“చూడమ్మా, సభ్యత్వం విషయంలో మాత్రం ఏం చెయ్యలేం. తీర్పు చెప్పేశాం. సమితి మాట సమితి మాటే.”

“పర్వాలేదండీ. రేపటికీ పిండి కలుపుతాను, రండి” అంది మా ఆవిడ.

“తప్పకుండా వస్తాం” అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

అధ్యక్షులవారు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, మెట్ల పైకీ కిందికీ చూసి, నా చెవి దగ్గరికి వంగారు.

“మేం ఇక్కడికి వచ్చి తిన్నట్టు సమితికి మటుకు తెలియనివ్వకండి.”

అలాగేనని మాటిచ్చాను. సమితి మొత్తం ఆయన వెనకే నిలబడి, దయచేసి తెలియనివ్వొద్దని నాకు చేతులు జోడించింది.